తెడ్డు పట్టిన చేతులు

మొదటి ముక్క. వైశాఖ పౌర్ణమి.

నాకు భయంగా ఉంది. ఈ దీవిలో ఇప్పుడు భయపడటం మర్యాద కాదు, అందరూ ధైర్యంగా ఉన్నారు. అందుకని ఎవరికీ చెప్పకుండా ఫ్లెక్సీ ముక్క వెనక, తెల్లవైపున రాసుకుంటున్నాను. ముందువైపు ఎవరో నాయకుడికి పుట్టినరోజు శుభాకాంక్షలు. ఆయన ముఖం సగమే ఉంది. మిగతా సగం డేన్ల పెద్ద పడవ మీద తెరచాపై ఎగురుతోంది.

తెరచాపలు కుట్టడమే నా పని. సముద్రం పైకొచ్చి ఊళ్ళని మింగినప్పుడు జనం ఏం తెచ్చుకున్నారో లేదో గానీ, రోడ్ల పక్కన కట్టిన ఫ్లెక్సీలు మాత్రం మోసుకొచ్చి మా మెట్టపాలెం కొండమీద పోగేశారు. పైకప్పులకి పనికొస్తాయని వాళ్ళ ఆశ. ఆ కొండే ఇప్పుడు ఈ దీవి. నూనె అయిపోయి ఇంజన్లు మూలపడ్డాక లోకమంతా మళ్ళీ గాలిమీద పడింది. గుడ్డ దొరకదు, ఫ్లెక్సీ ఉంది. రెండు పొరలు వేసి, అంచుకి తాడు పెట్టి, దబ్బనంతో కుడతాను. మొదట మా ఆయన కొమరయ్య పడవకి కుట్టేదాన్ని. ఆయన ఒక తుఫానులో తిరిగి రాలేదు. ఉత్తరం నుంచి డేన్లు, అంటే డెన్మార్కు వాళ్ళు, వచ్చి ఈ దీవులన్నీ పట్టుకున్నాక వాళ్ళ పడవలకీ నేనే కుడుతున్నాను. కుట్టనని చెప్పే దమ్ము ఎవరికుంది?

ఇవాళ పౌర్ణమి కాబట్టి జామీను మనుషుల్ని చూపించారు. మేం తిరగబడబోమన్న నమ్మకం కోసం దీవికి నలుగురిని డేన్లకి ఇచ్చుకున్నాం. వాళ్ళని పడవల మీదే ఉంచుతారు. పౌర్ణమినాడు పడవ అంచున నిలబెడితే మేం తెప్పల మీద దగ్గరికెళ్ళి మాట్లాడుకోవచ్చు, ముట్టుకోకూడదు. మా నలుగురిలో నా కూతురు నూకాలు ఒకతె. మా బావ సూర్రావు కొడుకు అప్పన్న ఒకడు. మిగతా ఇద్దరూ మా పక్కింటి దానమ్మ కొడుకులు.

"తిన్నావేటే?" అని అరిచాను.

"తిన్నానమ్మా. ఎండుచేపలే. కారం నేదు, ఉప్పే."

"తలకి నూనె రాసుకోనేదు. ఆ జుట్టేటి అలగుంది?"

"ఇక్కడ నూనె దీపాలకే సాలదు, నా తలకెక్కడిస్తారు?" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి గొంతు తగ్గించింది. "అమ్మా, రాజుకి బాగోనేదు. మంచం దిగట్లేదు."

అప్పటినుంచే నాకు ఈ భయం. పరాయి రాజుకి జబ్బు చేస్తే సంతోషించాలి కదా. తెప్ప మీద మిగతావాళ్ళందరూ ఆ పనే చేశారు.

రెండో ముక్క. బహుళ తదియ.

పెద్ద పడవలో చినిగిన తెరచాప బాగుచేయడానికి వెళ్ళాను. ఎక్కేముందు చెవిబిళ్ళ ఇస్తారు. ఎండతో నడిచే ఆ బిళ్ళ వాళ్ళ మాటని తెలుగు చేసి వినిపిస్తుంది. ఎవరి తెలుగుతో నేర్పారో ఏమో, పాతకాలం రేడియోలో వార్తలు చదివే పెద్దమనిషి గొంతు అది. చేపలు తోముకునేవాడు తిట్టినా ప్రవచనంలా వినిపిస్తుంది.

ఈ డేన్ల సంగతి ఒకటి రాయాలి. వాళ్ళ దేశం పల్లపుది, అందరికంటే ముందు మునిగింది. వాళ్ళకి మిగిలినవి పడవలు, తమ పాత రాజుల కథలు. ఆ కథలన్నీ ఇంగెర్ అనే ముసలామెకి నోటికొచ్చు. మనం పంచాంగం చూసినట్టు వాళ్ళు ఆమెని అడుగుతారు. ఇలాంటప్పుడు పాత రాజు ఏం చేశాడని ఒకడు అడగడం, ఆమె చెప్పడం, దళమంతా అదే చేయడం. మొదటిసారి మా ఒడ్డున దిగిన రోజున వాల్డెమార్ రాజు వెండులనే జనం ఉండే దీవిని గెలిచిన కథ చెప్పిందట. అందులో రాజు మనుషులు అక్కడి కొయ్యదేవుణ్ణి పడగొట్టి, ముక్కలు చేసి, ఆ కట్టెలతో వంట చేసుకున్నారు. వీళ్ళూ మా గంగమ్మని పడగొట్టి ఆ కట్టెలతో చేపలు ఉడికించుకున్నారు. మొహాల్లో కోపమన్నది లేదు. ఒకడైతే నాకూ ఒక ముక్క పెట్టబోయాడు.

ఇవాళ నేను కుడుతుంటే ఇంగెర్ స్వేన్ రాజు కథ ఎత్తుకుంది. రాజు మంచాన పడితే ఆ కథే చెప్పాలట.

"స్వేన్ మహారాజు ఇంగ్లండును జయించెను. ఆ దేశపు రాజు ఎథెల్‌రెడ్ సముద్రము దాటి పారిపోయెను. ప్రజలు జామీనులు ఇచ్చిరి. స్వేన్ ఆ జామీనులను, నౌకలను తన కుమారుడు క్నూట్ వశము చేసెను. పిమ్మట స్వేన్ మరణించెను."

నా చేతిలో దబ్బనం ఆగిపోయింది. ఇక్కడిదాకా ఇది మా కథే. వీళ్ళ రాజు టోర్కెల్ వచ్చాడు. మా దీవుల్ని ఏలిన చైర్మన్‌గారు నీళ్ళ అవతలి కొండల్లోకి పారిపోయాడు. మేం జామీనులిచ్చాం. టోర్కెల్ వాళ్ళని కొడుకు ఆస్గెర్‌కి అప్పగించాడు.

"నౌకాదళము క్నూట్‌ను రాజుగా ఎన్నుకొనెను. అయితే ఇంగ్లండు పెద్దలు తమ పాత రాజుకు కబురు పంపిరి. ఇకపై మునుపటికంటె బాగుగా పాలించినచో నీవే మాకు దొరవు అనిరి. క్నూట్ వెడలిపోయెను. వెడలుచు దారిలో జామీనులను ఒడ్డున దింపెను. వారి చేతులు, చెవులు, ముక్కులు కోసి దింపెను."

పెద్దమనిషి గొంతు ఎక్కడా తొణకలేదు. తర్వాత వాతావరణం చెబుతాడేమో అన్నట్టుంది.

ఇంగెర్‌కీ చెవిబిళ్ళ ఉంది. దగ్గరికెళ్ళి అడిగాను. "అవ్వా, ఆ పెద్దలు పాతరాజుని పిలవకపోయుంటే?"

"అప్పుడు కోయవలసిన పని ఉండెడిది కాదు" అంది. నా కూతురు నాలుగు బారల అవతల తాళ్ళు చుడుతోంది.

మూడో ముక్క. బహుళ పంచమి.

టోర్కెల్ పోయాడు. నిన్న సాయంత్రం పడవల మీద దీపాలన్నీ ఆర్పేశారు.

ఇవాళ పొద్దున్నే కొండల నుంచి చైర్మన్‌గారి మనిషి దిగాడు. ఆయన మళ్ళీ వస్తాడట, ఈసారి బాగా పాలిస్తాడట. పాత తప్పులన్నీ మరిచిపోమన్నాడు. సరిగ్గా కథలో మాటలే. 

సూర్రావు బావ ఇంటిముందు అందరూ కూడారు. మా ఆయనకి అన్న, ఇప్పుడు దీవికి పెద్ద ఆయనే. నేను లేచి విన్నదంతా చెప్పాను. పిలిస్తే పిల్లల చేతులు పోతాయని చెప్పాను. ఎవరూ నవ్వలేదు, అది మెచ్చుకోవాలి.

"వరాలూ, వెయ్యేళ్ళ కిందట ఎవడో సేసినాడని వీల్లూ సేత్తారా?" అన్నాడు బావ.

"గంగమ్మని ఏటి సేసినారు బావా? అది ఎవుల్ని సూసి సేసినారు?"

ఆయన పడవల వైపు చూశాడు. తన కొడుకూ అక్కడే ఉన్నాడు. "సరే, అలగే అనుకో. మనకి టైమున్నాది. అయ్య పోనాడు కదా ఆస్గెర్‌కి. పెద్దకర్మ అవకుండా పడవ ఇప్పుతాడేటి? పదకొండు రోజులు ఆడు ఏ పనీ ముట్టడు. ఈలోగా చైర్మన్ పడవలొచ్చీస్తాయి. తొమ్మిదో రోజు తెల్లారగట్ట మనమూ ఆల్లూ కలిసి ఎల్లి పిల్లల్ని దించీసుకుందుము."

"మైలలో ఉన్నోడు కత్తి ఎలగ పడతాడు?" అంది దానమ్మ.

అందరూ అవునన్నారు. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను, నాకూ ఆ మాటకి ఊపిరి వచ్చింది. కొమరయ్య పోయినప్పుడు మా దీవిలో పదకొండు రోజులు ఒక్క వల తడవలేదు. తండ్రి పోయినవాడు వెంటనే పనిలోకి దిగుతాడని ఎలా అనుకుంటాం? చైర్మన్‌కి రమ్మని కబురు వెళ్ళింది. ఇంటికొచ్చి గంజి కాచుకుని తాగాను. నిద్ర కూడా పట్టింది.

నాలుగో ముక్క. బహుళ షష్ఠి.

పొద్దున్నే డేన్ల తెప్ప వచ్చింది. కొత్త రాజు పడవకి కొత్త చాప కావాలట, సాయంత్రానికల్లా.

చాప కావాలంటే ప్రయాణం ఉన్నట్టే. అది తెలియడానికి నాకు చెవిబిళ్ళ అక్కర్లేదు. ఫ్లెక్సీ చుట్ట భుజాన వేసుకుని తెప్ప ఎక్కాను. 

పెద్ద పడవలో టోర్కెల్ శవాన్ని ఉప్పులో పెట్టి పెట్టె బిగించేశారు. ఆస్గెర్ కొయ్యస్తంభం దగ్గర నిలబడ్డాడు. తల గొరిగించుకోలేదు, స్నానం చేసినట్టు కూడా లేదు. ఒక్కొక్కడే వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసి వెళ్తున్నాడు. రాజుని ఎన్నుకోవడం అంతే. అరగంటలో అయిపోయింది. తర్వాత తాళ్ళు సర్దుకోవడం మొదలుపెట్టారు.

"అవ్వా, మైల లేదా మీకు? ఏడుపు లేదా?" అని ఇంగెర్‌ని అడిగాను.

"విలపించుటకు తరువాత చాలినంత కాలమున్నది. నౌకాదళము రాజు లేక ఒక పూటయైనను ఉండరాదు. నైరుతి గాలి కూడ మొదలైనది."

మేం పంపిన కబురు వాళ్ళకి అప్పుడే తెలిసిపోయింది. ఎవరు చెప్పారో తెలియదు, ఎవరో చెప్పే ఉంటారు. చాప పరుచుకుంటుండగా ఆస్గెర్ ఇంగెర్ వైపు తిరిగాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తండ్రి కోసం ఎవరూ చూడకుండా ఏడ్చి ఉంటాడు.

"పాత దొరను తిరిగి పిలిచినచో, క్నూట్ మహారాజు జామీనులను ఏమి చేసెను?" అని అడిగాడు.

ఆమె చెప్పింది. అతను తల ఊపాడు. రేపు తెల్లవారుజామున ఇసుకదిబ్బ దగ్గర అని ఎవరితోనో అన్నాడు. 

కుట్టడం ఆపితే పంపేస్తారు. కుడుతూనే ఇంగెర్‌ని బతిమాలాను. ఏదో ఒక దారి చెప్పమన్నాను. ఆమె నా చేతి పని చూసింది. తర్వాత చెప్పింది. రాజు పిలిస్తే ఊరికొక పడవ, ఇంటికొక మనిషి చొప్పున తెడ్డు వేయడానికి వెళ్ళాలి, అది పాత రాజుల నాటి పద్ధతి. అలా తెడ్డు పట్టి ఒట్టు వేసిన చెయ్యి రాజు సొత్తు. దాన్ని కోసే హక్కు రాజుకి కూడా లేదు. ఈ చివరి మాట పాతకాలంలో ఉన్నదో వీళ్ళు తర్వాత కల్పించుకున్నదో నాకు తెలియదు. నాకు అనవసరం.

"అయితే ఆ ఒట్టు వెనుకకు రాదు" అంది. "ఆ మనిషి ఇక మా మనిషి. నౌక ఎక్కడికి పోయిన అక్కడికి రావలెను. కొత్తవారిని ముందు బల్లపై, ఎడమ ప్రక్కన కూర్చుండబెట్టుదురు. ముందుగా దెబ్బ తగులు చోటు అదియే."

చాప అంచులు పట్టుకోవడానికి మనుషులు కావాలని అడిగితే మా నలుగురినే పంపారు. తలవంచుకుని, కుట్టు మీద కళ్ళు పెట్టి, గొణుగుతూ నలుగురికీ చెప్పాను.

"మా అయ్య తొమ్మిదో రోజుకి వొత్తానన్నాడంటున్నావు కదా" అన్నాడు అప్పన్న. "ఆల్లు భయపెట్టడానికి అంటారు పిన్నీ. ఆస్గెర్ నాతోటి పాచికలాడతాడు. నన్ను కొయ్యడు."

దానమ్మ కొడుకులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "తెడ్డు పడితే మాయమ్మ మా మొహం సూడదు" అన్నాడు పెద్దవాడు. ఎంత చెప్పినా అంతే.

 నూకాలు చాప రెండో అంచుకి వెళ్ళేదాకా ఆగి అడిగింది.

"ఈల్లు మల్లీ వొస్తారు కదమ్మా? ఆ కథలో మల్లీ వొచ్చినాడా?"

"వొచ్చినాడు. మరుసటేడు. ఇంకా పెద్ద దళం తెచ్చినాడని అవ్వే సెప్పినాది."

"అంటే నాను తెడ్డేసుకుంటా మన మీదికే రావాల."

"రా" అన్నాను. "మా మీదికే రా. గానీ సేతులతోటి రా."

దాని మొహం చూడలేదు. చూస్తే ఏమై ఉండేదో నాకు తెలియదు. దబ్బనం వేలిలో దిగింది, తీసి మళ్ళీ కుట్టాను. పొద్దు వాలుతుండగా నన్ను దింపేశారు. అది ఒట్టు వేసిందో లేదో చూడనివ్వలేదు.

ఒడ్డు దిగి తిన్నగా బావ ఇంటికి పరిగెత్తాను. రేపే వెళ్ళిపోతున్నారు, చైర్మన్‌ని వద్దని కబురు పంపు, ఆ మాట డేన్లకీ చెప్పు అన్నాను. బావ మొహం బూడిద రంగుకి తిరిగింది.

"అయ్య పోయి రెండు రోజులు అవనేదు" అన్నాడు. అదే మాట మూడుసార్లు అన్నాడు. "కబురు ఎల్లిపోనాది వరాలూ. కొండలెక్కినోడిని ఎవులు అందుకుంటారు?"

అయినా తెప్పలు దింపించాడు. ఎదురుగాలి, పైగా పోటు. రెండుసార్లు దింపితే రెండుసార్లూ అలలు మళ్ళీ ఒడ్డుకే విసిరేశాయి.

ఐదో ముక్క. బహుళ సప్తమి.

తెల్లవారేసరికి పడవలు లేవు. పోటు తగ్గాక ఇసుకదిబ్బ దగ్గరికి వెళ్ళాం. దూరం నుంచే మనుషులు కూర్చుని ఉన్నట్టు కనిపించారు. దానమ్మ సంతోషంతో కేక వేసింది. దగ్గరికి వెళ్ళేదాకా వేస్తూనే ఉంది.

కథలో ఉన్నదంతా చేశారు. అంతకంటే రాయను. రక్తం కట్టడానికి వేడి తారు పూసి, తాగడానికి మంచినీళ్ళ కుండ పెట్టి మరీ వెళ్ళారు. కుండ ఎత్తుకునే చేతులు మాత్రం లేవు.

అన్ని దీవుల వాళ్ళూ ఉన్నారు ఆ దిబ్బ మీద. ఒక్కొక్కరినీ చూసుకుంటూ నడిచాను. మనిషి దగ్గరికి వెళ్ళేముందు కళ్ళు మూసుకునేదాన్ని, తెరిచి చూసి పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళేదాన్ని. చివరిదాకా నడిచాను. నూకాలు లేదు. నీళ్ళలో చూశాను, అక్కడా లేదు.

అప్పన్న దగ్గర బావ మోకాళ్ళ మీద కూలబడి ఉన్నాడు. అప్పన్న నన్ను చూశాడు. పెదవులు మాత్రం కదిలాయి.

"తెడ్డట్టుకున్నాది" అన్నాడు.

నాకు సంతోషం పుట్టుకొచ్చింది. ఆ దిబ్బ మీద, వాళ్ళందరి మధ్య, సిగ్గు లేకుండా గుండె నిండా సంతోషం. నా బిడ్డ రెండు చేతులతో ఎక్కడో బతికే ఉంది. దానమ్మ నా మొహం చూసింది. నేను వెంటనే తల తిప్పుకున్నాను గానీ అప్పటికే చూసేసింది.

ఆరో ముక్క. కార్తీక శుద్ధ విదియ.

చాలా రోజులు రాయలేదు. చైర్మన్‌గారు ఊరేగింపుతో వచ్చాడు. మునుపటిలాగే పాలిస్తున్నాడు. దానమ్మ పెద్దకొడుకు నిలవలేదు, వానల్లో పోయాడు. చిన్నవాడికి ఆమే అన్నం తినిపిస్తోంది. నాతో మాట్లాడదు. దారిలో ఎదురైతే నా చేతుల వైపు చూసి పక్కకి తప్పుకుంటుంది. ఒకరోజు నా గుమ్మం ముందు విరిగిన తెడ్డు ముక్క ఎవరో పెట్టి వెళ్ళారు.

పగలంతా సముద్రం వైపు చూడకుండా పని చేసుకుంటాను. ఉత్తరాన తెల్లగా ఏది కనిపించినా ఒళ్ళు జలదరిస్తుంది. వస్తారేమోనని భయం. ఇక ఎప్పటికీ రారేమోనని కూడా భయమే, ఆ మాట ఎవరితో అనను?

మొన్న బావ మా ఇంటికి వచ్చాడు. చరిత్ర గురించి ఆయనే అడగడం ఇదే మొదటిసారి.

"ఆ తర్వాత ఏటి సేసినాడు, ఆ క్నూటు?"

"మరుసటేడు వొచ్చినాడు బావా. దేశమంతా గెలిసినాడు. శానా ఏళ్ళు ఏలినాడు. బాగానే ఏలినాడంటారు."

"ఎలగొచ్చినాడు? పడవలోనే కదా?"

"మరి."

ఆయన లేచి వెళ్ళిపోయాడు. ఇవాళ పొద్దున్న అందరినీ సన్నకాలువ దగ్గరికి రమ్మన్నాడు. మా దీవిలోకి రావాలంటే రెండు బండల మధ్య ఆ కాలువలోంచే రావాలి. అక్కడ గాలి ఆడదు. చాప దించి తెడ్లేసుకుంటూ రావాల్సిందే. తెడ్డు వేసేవాడు బండ మీద నిలబడ్డ మనిషికి కాయలు కోసే దోటి అందేంత దగ్గరికి వస్తాడు. నిలబడటానికి వీలైన బండ ఒక్కటే. లోపలికి వచ్చే పడవకి అది ఎడమ పక్కన ఉంటుంది.

బావ దోట్లకి కొడవళ్ళు కట్టించాడు. కాలువలో పాత పడవ ఒకటి నిలిపి, దాని ముందు బల్ల మీద తెడ్లు అమర్చి, ఒక్కో తెడ్డుకి చేతుల్లా రెండేసి తాటిమట్టలు కట్టాడు.

"మనిషి జోలికి ఎల్లకండి" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. అప్పన్న పక్కనే బండకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. "డాలుంటాది, టోపీ ఉంటాది. సేతులకేటీ ఉండదు. ముందు బల్ల మీదోల్ల సేతులు కొట్టండి. ముందు తెడ్లు ఆగిపోతే ఎనకున్న పడవలన్నీ దారిలోనే ఆగిపోతాయి."

ఆడవాళ్ళం వరసగా నిలబడ్డాం. ఎవరూ నన్ను పిలవలేదు, వద్దనలేదు. ఒక్కొక్కరే బండ అంచుకి వెళ్ళి, దోటి ఎత్తి కొట్టి వస్తున్నారు. తప్పినవాళ్ళని బావ మళ్ళీ కొట్టమంటున్నాడు. నా వెనక దానమ్మ ఉంది. ఆమె ఊపిరి నా మెడకి తగులుతోంది.

నా వంతు వచ్చింది. ముందు బల్ల, ఎడమ పక్క, ఇంగెర్ చెప్పిన చోటే. దోటి ఎత్తి కొట్టాను. రెండు మట్టలూ ఒక్క దెబ్బకే తెగి నీళ్ళలో పడ్డాయి.